కొట్లాట దేనికో తేల్చాకే పెళ్లి చేయండి

మన సభల్లో రెండు మాటలు తప్పకుండా వినబడతాయి. మొదటిది, ఆంధ్రదేశానికి బయట ఉన్న మన ఇళ్లలో తెలుగు చదవడం పోతోందని. రెండోది, మన ఆడపిల్లలు ఆ చెత్త ప్రేమ నవలలు తప్ప మరేమీ చదవరని. ఈ రెండు మాటలూ ఒకే పెద్దమనిషి ఒకే ఉపన్యాసంలో అంటుండగా విన్నాను. చదవడం పోయిందా, లేక చదువుతున్నారా? ముందు ఏదో ఒకటి తేల్చుకోవాలి.

నేను విమర్శకురాలిని కాను. బి.కాం. చదివి, ముప్ఫై ఏళ్లుగా బ్యాంకులో పనిచేస్తున్నదాన్ని. పుట్టింది హోసూరులో. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బజారులో ఈ రెంటితో పాటు కన్నడం. 2006లో తమిళనాడు ప్రభుత్వం ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చాక మా వైపు పిల్లలకి బడిలో తెలుగు మరీ దూరమైంది. అంతకు ముందు మాత్రం ఎంతమందికి దక్కింది గనుక? మా అమ్మ తరం ఆడవాళ్లకి తెలుగు అక్షరం చెరిగిపోకుండా కాపాడినవి ప్రబంధాలు కావు. బెంగుళూరు నుంచి ఎవరో తెస్తే, పది చేతులు మారి, అట్ట ఊడి, చివరి పేజీలు చిరిగి మా ఇంటికి వచ్చిన సీరియల్ నవలలు. చివరి పేజీలు లేవని ఎవరూ బెంగపడేవారు కారు. చివర ఏమవుతుందో అందరికీ తెలుసు.

కనుక ఈ నవలలని చెత్త అని తోసేసేవాళ్ల పక్షాన నేను లేను. అయితే రాసేవాళ్ల పక్షాన కూడా లేను. వాళ్లతో నాకున్న తగాదా వేరు, అది చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

కథ మీకు తెలిసిందే. ఒక అమ్మాయి. తండ్రి లేడు, ఉన్నా తాగుబోతు. ఇంట్లో జబ్బు మనిషి, చదువు మధ్యలో ఆగిన తమ్ముడు. ఒక అబ్బాయి. అయితే బాగా డబ్బున్నవాడు, కాకపోతే తల్లిప్రేమ ఎరగక మొరటుగా తయారైనవాడు. మొదటి చూపులోనే ఇద్దరికీ పడదు. నూరు పేజీలు మాటకి మాట. తరవాత ఒకరికి జ్వరం వస్తుంది, రెండోవారు రాత్రంతా మేలుకుని తడిగుడ్డ వేస్తారు. ద్వేషం అనుకున్నది ప్రేమే అని తెల్లవారేసరికి తెలుస్తుంది. ఆ పైన పెళ్లి.

పగ ప్రేమగా మారడం అబద్ధమని నేను అనను. మారుతుంది, మనం చూశాం. నా అభియోగం ఒక్కటే: ఆ పగ దేనిమీదో రచయిత చెప్పడు. చెప్పినా దాన్ని తీర్చడు. అమ్మాయి పేదరికం మొదటి అధ్యాయంలో మన కన్నీళ్లకి పనికొస్తుంది, ఆఖరి అధ్యాయంలో పెళ్లికొడుకు ఆస్తిలో మునిగిపోతుంది. నడుమ జరిగినదంతా అపార్థం. మా భాషలో చెప్పాలంటే, వసూలు చేయవలసిన బాకీని విచారణ లేకుండా పుస్తకాల్లోంచి కొట్టివేయడం.

మన సాహిత్యంలో ప్రణయకలహం కొత్తది కాదు. సత్యభామ అలిగింది, నంది తిమ్మన చేతిలో కృష్ణుణ్ణి ఎడమకాలితో తన్నింది కూడా. కూచిపూడి భామాకలాపం అంతా ఆ అలకే. కాని అది మొగుడూ పెళ్లాల మధ్య అలక. ఆ ఇంట్లో ఎవరికీ అన్నం కొరత లేదు. వైరం వేరు. వైరం ఉన్న ఇళ్ల మధ్య ప్రేమ రాసినప్పుడు మన పూర్వులు దాన్ని దాచలేదు. పింగళి సూరన ప్రభావతీప్రద్యుమ్నంలో ప్రభావతి శత్రువు కూతురు. ప్రద్యుమ్నుడు ఆమెను పెళ్లాడతాడు, ఆమె తండ్రి వజ్రనాభుడు ఆ అల్లుడి చేతిలోనే చస్తాడు. ప్రేమ కలిగింది కదా అని వైరం ఆవిరైపోలేదు. మన నవలాకారులు అలకనీ వైరాన్నీ ఒకే గాటన కట్టేశారు. పేదపిల్లకి ధనవంతుడి మీద వచ్చే కోపాన్ని సత్యభామ అలకలాగా రాస్తున్నారు.

ఉదాహరణకి అందరికీ ఇష్టమైనదే తీసుకుంటాను. 1955లో మద్రాసులో విజయా వారు తీసిన మిస్సమ్మ. నాకూ ఇష్టమే. ఇద్దరు నిరుద్యోగ పట్టభద్రులు. అమ్మాయి నెత్తిన అప్పు. అప్పిచ్చిన డేవిడ్ బాకీ బదులు తనని పెళ్లాడమంటాడు. ఉద్యోగం కోసం ఆమె ఒక పరాయివాడికి భార్యగా నటించవలసి వస్తుంది. క్రైస్తవురాలు హిందూ ఇంట్లో హిందువుగా నటించాలి. ఆమె విసుగు, కసురు, మొండితనం అన్నింటికీ గట్టి కారణాలున్నాయి. హాస్య చిత్రమైనా, ఉద్యోగం లేని చదువుకున్న పిల్ల ఎంత ఇరుకులో పడుతుందో చూపించింది. ఇంతా చేసి చివరికి ఏమైంది? ఆమె చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు కూతురని తేలింది. అప్పూ పోయింది, మతభేదమూ పోయింది. మేరీ మేరీగానే ఉండి రావును పెళ్లాడితే ఏమయ్యేది? జమీందారు ఏమనేవాడు? జవాబు చెప్పవలసిన చోట పుట్టుమచ్చ చూపించారు.

తరవాత యద్దనపూడి సులోచనారాణి గారి సెక్రటరీ. 1960లలో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది, 1976లో సినిమా అయింది. 2018లో ఆవిడ పోయినప్పుడు మా అమ్మ తోటివాళ్లు తమ ఇంటి మనిషి పోయినట్టు బాధపడ్డారు. ఆ గౌరవం ఆవిడకి దక్కవలసిందే. బామ్మతో ఉండే పేదపిల్ల జయంతి ఉద్యోగానికి వెళ్లడం, ఆ ఉద్యోగంలో తన మర్యాద తాను కాపాడుకోవాలనుకోవడం అప్పటి చదువరులకి చిన్న సంగతి కాదు. నా చిన్నతనంలో జీతం తెచ్చుకునే ఆడది మా వీధిలో లేదు, నవలలో ఉంది. కాని జయంతికి రాజశేఖరంతో ఉన్న అసలు చిక్కేమిటి? అతను జీతమిచ్చే యజమాని, ఆమెకి ఆ జీతం తప్ప గతిలేదు. యజమాని చొరవ చూపితే కాదనడం ఎంత కష్టమో ఆఫీసులో పనిచేసే ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. ఈ చిక్కు తీరవలసింది ఇద్దరి మధ్యా. నవలలో అది మనసులో మాట చెప్పుకోకపోవడం వల్ల వచ్చిన ఇబ్బందిగా మిగిలింది.

ఆవిడ తరం వాళ్లకి కనీసం మర్యాద తెలుసు. ఇప్పుడు ఫోనులో రోజుకో భాగం చొప్పున వచ్చే కథలు చూడండి. 2014లో బెంగుళూరులో మొదలైన ప్రతిలిపి వంటి వాటి మీద తెలుగులో వేల కథలున్నాయి. రాసేవాళ్లు ఎక్కువమంది ఆడవాళ్లే, అందులో చిన్న ఊళ్ల వాళ్లు ఎంతోమంది. నాకు సంతోషమే. కాని వాటిలో ఎన్నింటిలో నాయకుడు అమ్మాయి చెయ్యి పట్టి లాగడం, దారి కాయడం, పగతో తాళి కట్టడం, ఒప్పందం మీద సంతకం పెట్టించి ఇంట్లో ఉంచుకోవడం చూడటంలేదు? ఇవన్నీ అతని బాల్యంలోని కష్టాల వల్లనట. కష్టాల్లో పెరిగినవాడు ఆడపిల్ల మీద చెయ్యి చేసుకోవచ్చని ఎవరు చెప్పారు? మా బ్యాంకుకి వచ్చే కుర్రాళ్లలో అనాథాశ్రమాల్లో పెరిగినవాళ్లున్నారు. కూలిపని చేసి చెల్లెలి ఫీజు కట్టేవాళ్లున్నారు. వాళ్లు ఈ కథలు చదివితే నొచ్చుకుంటారు.

వద్దన్న అమ్మాయి వెంటపడటం 2013 నుంచి శిక్షాస్మృతిలో నేరం. 2024 జూలై నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షను. అంతకు ముందే, 2008 డిసెంబరులో, ప్రేమను కాదన్న పగతో వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. కథ చదివి ఎవడో యాసిడ్ పోశాడని నేను అనడంలేదు. అటువంటి దేశంలో ఉంటూ, వద్దన్న మాటకి కావాలనే అర్థమని పదే పదే రాయడం బాధ్యత లేని పని అంటున్నాను.

కష్టాల్లో పెరిగిన పిల్లలు ఎలా ఉంటారో ఈ రచయితలు ఒక్కరోజు మా కౌంటరు దగ్గర నిలబడి చూస్తే బాగుంటుంది. హోసూరు చుట్టూ ఉన్న ఎలక్ట్రానిక్సు ఫ్యాక్టరీల్లో వేలమంది ఆడపిల్లలు హాస్టళ్లలో ఉండి పనిచేస్తున్నారు. ధర్మపురి, కృష్ణగిరి పల్లెల వాళ్లు, చిత్తూరు వైపు వాళ్లు, ఒడిశా, ఝార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు. జీతం పడిన రోజునే ఇంటికి పంపుతారు. పంపగా మిగిలింది చూసుకుని ఫోను రీచార్జి చేయించుకుంటారు. అమ్మ కమ్మలు ఏ శాఖలో కుదవలో ఉన్నాయో, వడ్డీ ఎంత అయిందో నోటికి చెబుతారు. వాళ్లకీ పక్క వరసలో పనిచేసే అబ్బాయితో పడదు. ఎందుకు పడదు? ఓవర్‌టైము అతనికి దొరికింది, తనకి దొరకలేదు. సూపర్‌వైజరు అడిగితే అతను తప్పు ఈమె మీదికి తోశాడు. అతను ఊరివాడు, ఈమె బయటిది. అతని కులానికి ఆ చుట్టుపక్కల ఇళ్లు అద్దెకిస్తారు, ఈమె కులానికి ఇవ్వరు. ఇవి జ్వరం వస్తే తగ్గే తగాదాలు కావు. వీటి మీదుగా ఇద్దరు మనుషులు ఒకరినొకరు ఇష్టపడితే అది రాయదగ్గ కథ.

ఇలా రాయడం కుదరదని అనేవాళ్లకి ఒక పాత నవల సంగతి చెబుతాను. ఎలిజబెత్ గాస్కెల్ రాసిన నార్త్ అండ్ సౌత్. చార్లెస్ డికెన్స్ నడిపిన వారపత్రికలో 1854-55లో సీరియల్‌గా వచ్చింది. అంటే అది కూడా మన సీరియళ్లలాగే వారం వారం జనం ఎదురుచూసి చదివిందే. మాంచెస్టరును తలపించే ఒక మిల్లుల ఊళ్లో జాన్ థార్న్‌టన్ మిల్లు యజమాని. ఉద్యోగం వదులుకున్న మతగురువు కూతురు మార్గరెట్. ఇద్దరికీ పడదు. పడకపోవడానికి కారణం మిల్లు. కూలీల జీతాల గురించి, సమ్మె గురించి ఇద్దరూ నిజంగా వాదించుకుంటారు. ఆమెకి దూది మిల్లులో పనిచేసిన బెస్సీ అనే పిల్లతో స్నేహం. నూలు ధూళి ఊపిరితిత్తుల్లో చేరి ఆ పిల్ల చచ్చిపోతుంది. ధూళిని లాగేసే చక్రం పెట్టడానికి అయిదారు వందల పౌన్లు అవుతుందని, లాభం రాదు గనుక చాలామంది యజమానులు పెట్టరని ఆ పిల్లే చెబుతుంది. పగకి కారణం ఎలా రాయాలో ఇక్కడ చూడవచ్చు. ధర కూడా వేసి మరీ రాసింది.

థార్న్‌టన్‌వీ కష్టాలే. తండ్రి అప్పుల్లో మునిగి ఆత్మహత్య చేసుకున్నాడు. కుర్రవాడు బట్టలకొట్లో పనికి కుదిరాడు. వారానికి 15 షిల్లింగులతో ముగ్గురు బతకాలి, అందులోనే తల్లి 3 షిల్లింగులు దాయించింది. పెద్దయ్యాక తండ్రి బాకీదార్లకి తీర్చాడు. తాను పైకి వచ్చాడు గనుక రాలేనివాడిది తప్పే అనుకునే గర్వం అతనికి అక్కడినుంచి వచ్చింది. చూడండి, బాల్యంలోని కష్టం అతని తప్పుకి సాకు కాలేదు, ఆ తప్పు ఎక్కడ పుట్టిందో చూపించింది. ఆ గర్వం తగ్గడానికి ఆమె అందం చాలదు. సమ్మె నాయకుడు హిగిన్స్‌ను తానే పనిలో పెట్టుకుని, కూలీలతో కలిసి వాళ్ల భోజనశాలలో తినడం నేర్చుకోవలసి వస్తుంది. చివర అతని మిల్లు దివాలా అంచుకి వస్తుంది. మార్గరెట్‌కి వారసత్వంగా ఆస్తి వస్తుంది. అప్పుడు ఆమె ప్రేమ ఎలా చెబుతుందో తెలుసా? బ్యాంకులో ఊరికే పడి ఉన్న నా 18,057 పౌన్లకి రెండున్నర శాతమే వస్తోంది, మీరు తీసుకుంటే ఇంకా మంచి వడ్డీ ఇవ్వగలరు, మిల్లు నడుపుకోవచ్చు అంటుంది. ముప్ఫై ఏళ్లు అప్పుల కాగితాలు రాసినదాన్ని, ఇంతకంటే సిగ్గుతో కూడిన ప్రేమమాట నేను చదవలేదు. అతన్ని కొనడానికి కాదు, నిలబెట్టడానికి ఇస్తోంది. అది బహుమతి కాదని లెక్క చెప్పి మరీ ఇస్తోంది.

అవును, అక్కడా ఆస్తి ఆకాశం నుంచే ఊడిపడింది. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కాని మిస్సమ్మలో ఊడిపడిన ఆస్తి తగాదాని మాయం చేసింది. ఇక్కడ తగాదా అప్పటికే చాలావరకు తీరింది, ఆస్తి వచ్చి దారి ఇచ్చింది. బెస్సీ తిరిగి రాలేదు. సమ్మెలో చితికిపోయి నీళ్లలో పడి చచ్చిన బౌచరూ తిరిగి రాలేదు. నాయికానాయకుల పెళ్లి కోసం రచయిత్రి వాళ్లని మనచేత మరపించలేదు.

నా మాటకి వచ్చే జవాబులు నాకు తెలుసు. 'పొద్దంతా చాకిరీ చేసి వచ్చిన పిల్ల అరగంట కల కంటే మీకేమిటి?' అంటారు. కల వద్దని ఎవరన్నారు? తన బతుకుని పోలిన కల ఇవ్వమంటున్నాను. తన కోపానికి అర్థం లేదని, ఒక మగవాడు తడిగుడ్డ వేస్తే అది పోతుందని చెప్పేది ఆ పిల్ల కల కాదు, ఆమె నోరు మూయాలనుకునేవాళ్ల కల. 'అలా రాస్తే అది పార్టీ కరపత్రం అవుతుంది' అని ఇంకొందరు. కరపత్రంలో జాన్, మార్గరెట్‌ల వంటి మనుషులు ఉండరు. కారణం ఉన్న కోపం మనుషుల్ని ఆసక్తిగా చేస్తుంది. కారణం లేని కోపం రెండు అధ్యాయాలకే విసుగు పుట్టిస్తుంది. అందుకే గదా జ్వరం తెప్పించవలసి వస్తోంది.

ఇక మన సంగతి. ఇటువంటి కథకి మనకున్నంత సరుకు ఆంధ్ర, తెలంగాణల వాళ్లకి కూడా లేదు. కోయంబత్తూరులో మిల్లులు పెట్టిన కుటుంబాల్లో తెలుగు నాయుళ్లు ఎంతమందో మీకు తెలుసు. అదే ఊళ్లో వీధులు ఊడ్చి, కాలవలు తీసిన అరుంధతీయుల్లో కూడా ఎంతోమంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. బంగళాలోనూ తెలుగే, పేటలోనూ తెలుగే, నడుమ గోడ. 2009లో తమిళనాడు ప్రభుత్వం అరుంధతీయులకి 3 శాతం ప్రత్యేక వాటా ఇచ్చాక వాళ్ల పిల్లలు వృత్తివిద్యా కళాశాలలకి ఎక్కువగా వస్తున్నారు. నాలుగు లక్షల లోపు విద్యారుణానికి తాకట్టు అక్కరలేదని చెబితే నమ్మలేక మళ్లీ మళ్లీ అడుగుతారు. ఆ కళాశాలలో ఒకే బెంచీ మీద మిల్లువారి మనవడూ, వీధులూడ్చినవారి మనవరాలూ కూర్చుంటారు. ఆమె వాళ్లమ్మతో ఫోనులో తెలుగు మాట్లాడటం అతను వింటాడు. 'మీరూ మనవాళ్లేనా?' అని అడుగుతాడు. ఆ 'మన' అన్న మాట మీద వచ్చే కొట్లాట ఎన్ని పేజీలైనా సాగుతుంది. నేను చదివిన తెలుగు నవలల్లో ఆ కొట్లాట లేదు.

సోలాపూరులో వేలమంది తెలుగు ఆడవాళ్లు బీడీలు చుడతారు. కూలీ వెయ్యి బీడీల లెక్క. బాగాలేవని కొన్ని తీసిపారేస్తే ఆ మేరకి కూలి పోతుంది. తల్లి చుట్టిన బీడీలు తీసిపారేసే కుర్రవాడూ, సంచీ మోసుకొచ్చిన కూతురూ ఒకే భాష మాట్లాడే శత్రువులు. వాళ్లు ప్రేమించుకోవచ్చు, ఎందుకు ప్రేమించుకోకూడదు? కాని ఆ కూతురు మొదట ఆ లెక్క అడగాలి, అతను జవాబు చెప్పాలి. జవాబు చెప్పినందుకు అతని ఉద్యోగం పోవచ్చు. అప్పుడు ఆమె అతన్ని చూసే చూపు మారితే నేను నమ్ముతాను, ఏడుస్తాను కూడా.

ఇందులో ప్రమాదం ఉందని మరవలేదు. 2016 మార్చిలో ఉడుమలైపేటలో, పట్టపగలు, నడిబజారులో, కులం కాని పిల్లను పెళ్లాడిన దళిత యువకుణ్ణి నరికి చంపారు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో అటువంటిదే మరొకటి. పగ అంటే ఇదీ. ఇది అపార్థం కాదు, ఎవరికీ ఏదీ తెలియక జరిగింది కాదు. ఇటువంటి చోట పుట్టిన ప్రేమకథని అపార్థాల కథగా రాసేవాడు ఆ పిల్లలకి ద్రోహం చేస్తున్నట్టే.

రాసేవాళ్లని మూడు ప్రశ్నలడగండి, మీరు చదివే ప్రతి కథలోనూ. వీళ్లిద్దరికీ తగాదా దేనిమీద? దాన్ని తీర్చడానికి ఎవరు ఏమి వదులుకున్నారు? మొదటి అధ్యాయంలో దగ్గుతున్న బామ్మ, ఫీజు కట్టలేని తమ్ముడు ఆఖరికి ఏమయ్యారు? జవాబు ఉంటే ఆ కథని నలుగురికీ ఇవ్వండి. లేకపోతే రచయిత్రికి ఉత్తరం రాసి అడగండి, మర్యాదగానే. మన తెలుగులో తప్పులుంటాయని సిగ్గుపడనక్కరలేదు.

మన పత్రికల సంపాదకులకి ఒక మనవి. ఉగాది సంచికకి వసంతం మీద పద్యాలు చాలినన్ని ఉన్నాయి. వచ్చే ఏడాది ఒక్క ప్రేమకథల పోటీ పెట్టండి. హోసూరు ఫ్యాక్టరీ పిల్లలు, కోయంబత్తూరు కాలేజీ పిల్లలు, సోలాపూరు, బరంపురం, యానాం పిల్లలు రాయవచ్చునని చెప్పండి. షరతు ఒక్కటే పెట్టండి, నాయికకీ నాయకుడికీ తగాదా ఎందుకో మొదటి పేజీలోనే చెప్పాలని. జ్వరం వచ్చిన కథలు తిప్పి పంపేయండి.